బసివి: ఒక తిట్టుపదం పుట్టుక, అర్థపరిణామం - లేపాక్షి సీమ నేపథ్యం

వ్యాససంగ్రహం:

రాయలసీమ పడమటి అంచున, కన్నడ సీమను ఆనుకొని ఉన్న ప్రాంతాల్లో ‘బసివి’ అనే మాట స్త్రీలను ఉద్దేశించిన తిట్టుగా వాడుకలో ఉంది. ఒకప్పుడు ఇది తిట్టు కాదు. దేవుని పేర విడువబడి, పుట్టింట కొడుకు స్థానంలో నిలిచిన స్త్రీకి వాచకం. ఈ పదం పుట్టుకపై ప్రధానంగా మూడు వివరణలున్నాయి: దేవునికి విడిచిన ఎద్దు అనే అర్థం నుండి వచ్చిందనేది ఒకటి, బసవేశ్వరుని పేరు నుండి వచ్చిందనేది రెండవది, కొడుకు హక్కులు పొందిన కూతురు అనే సామాజిక హోదా నుండి రూపొందిందనేది మూడవది. ఈ మూడింటినీ భాషాపరమైన, ఆచారపరమైన ఆధారాలతో పరిశీలించి, గౌరవవాచకం తిట్టుగా మారిన క్రమాన్ని, ఆ మార్పులో ఆస్తికీ చట్టానికీ ఉన్న పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బసివి, బసవ, లేపాక్షి, తిట్టుపదాలు, అర్థపరిణామం, సాని, దేవదాసీ చట్టాలు, స్త్రీల ఆస్తిహక్కు.

1. ఉపోద్ఘాతం:

పదాల పుట్టుక గురించి వాదులాడుకోవడం లేపాక్షికి కొత్త కాదు. ఆ ఊరి పేరుకే రెండు కథలున్నాయి. రావణుని చేతిలో రెక్కలు తెగి పడిన జటాయువును చూసి శ్రీరాముడు ‘లే, పక్షీ’ అన్నాడని ఒక కథ. పెనుకొండలో విజయనగర ప్రభువుల కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ రాజధనాన్ని ఆలయ నిర్మాణానికి ఖర్చు చేశాడన్న నింద పడి, రాజు శిక్షించకముందే తన కళ్ళను తానే పెకలించి గోడకు విసిరాడని మరొక కథ. గోడ మీది ఎర్రని మరకలను చూపి ఆ కన్నుల వల్లనే ‘లేపాక్షి’ అయిందని చెబుతారు. మొదటి కథలో ఊరికి పుణ్యం దక్కుతుంది, రెండవ కథలో ఒక మనిషిపై పడిన నిందకు సమాధానం దొరుకుతుంది. జనం చెప్పుకునే వ్యుత్పత్తి భాషాశాస్త్రం ముందు నిలవకపోవచ్చు. అయినా అందులో ఒక తీర్పు ఉంటుంది: ఎవరిని మెచ్చాలి, ఎవరిని నిందించాలి అన్నది ఆ కథ చెబుతుంది.

ఆ ఊరిలోనే, అచ్యుతదేవరాయల (1529-1542) కాలపు వీరభద్రాలయానికి కొద్ది దూరంలో, ఏకశిలలో మలచిన నంది ఉంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల ఆ నందిని జనం ‘బసవన్న’ అంటారు. అన్న అని పిలిచి మొక్కే ఆ మాటకే స్త్రీవాచక ప్రత్యయం చేరితే ‘బసివి’ అవుతుంది. మగ రూపం దేవుడు కాగా ఆడ రూపం తిట్టు ఎందుకయింది అన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. తిట్టుపదాన్ని పరిశోధనలో ఉదాహరించడం దానిని సమర్థించడం కాదు. ఆ మాట ఎవరి మీద పడుతూ వచ్చిందో తెలుసుకోవడానికి దానిని పేరు పెట్టి చెప్పక తప్పదు.

2. ‘బసివి’ ఎవరు?

పూర్వపు బళ్ళారి, అనంతపురం జిల్లాల్లోనూ వాటి పరిసరాల్లోనూ మగసంతానం లేని కొన్ని కుటుంబాలు ఒక కూతురిని దేవుని పేర విడిచిపెట్టేవి. ఆమెకు మనిషితో పెళ్ళి జరగదు. ఆమె పుట్టింట్లోనే ఉంటుంది. ఆమెకు పుట్టిన పిల్లలు ఆమె తండ్రి ఇంటిపేరుతో ఆ వంశానికి చెందుతారు. తండ్రి ఆస్తిలో ఆమెకు కొడుకులా భాగం ఉంటుంది, తండ్రికి జరపవలసిన ఉత్తరక్రియల్లో కొడుకు స్థానం ఉంటుంది. బోయ, మాదిగ మొదలైన సముదాయాల్లో ఈ ఆచారం ఎక్కువగా నమోదయింది.

మద్రాసు పోలీసు శాఖలో అధికారిగా ఉండి జానపద ఆచారాలను సేకరించిన ఎఫ్. ఫాసెట్ 1890ల ఆరంభంలో బొంబాయి మానవశాస్త్ర సంఘం పత్రికలో బసివులపై ఒక వ్యాసం ప్రకటించాడు. దేవునికి అర్పితమై పురుషహక్కులు పొందే స్త్రీలు అన్న భావం ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల వివరణ గ్రంథం కూడా ఈ సమాచారాన్ని వాడుకుంది. వలసపాలన అధికారుల రచనలుగా వీటికి పరిమితులున్నాయి. బసివుల సొంత గొంతు వీటిలో అరుదు. అయినా ఈ మాట వెనుక ఒక నిర్దిష్టమైన కుటుంబ వ్యవస్థ, ఆస్తి వ్యవస్థ ఉన్నాయని ఇవి స్పష్టం చేస్తున్నాయి.

3. పదం పుట్టుక - మూడు వివరణలు:

3.1. విడిచిన ఎద్దు:

సంస్కృత ‘వృషభ’ శబ్దం ప్రాకృతంలో ‘వసహ’ అయింది. కన్నడంలో అది ‘బసవ’గా స్థిరపడింది. పదాది వకారం బకారంగా మారడం కన్నడానికి సహజమైన లక్షణం. తెలుగు విల్లు, వేరు, వెండి కన్నడంలో బిల్లు, బేరు, బెళ్ళి అవుతాయి. కనుక ‘బసవ’ శబ్దం కన్నడం మీదుగా తెలుగులోకి వచ్చిందనడం సమంజసం. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఆ పేరును తెలుగు సాహిత్యంలో సుప్రతిష్ఠితం చేసింది.

‘బసవ’కు స్త్రీవాచకమైన ఇకారం చేరితే ‘బసవి’. తెలుగు నోట అది ‘బసివి’ కావడం వింత కాదు. ‘చదువు’ నుండి ‘చదివి’, ‘అడుగు’ నుండి ‘అడిగి’ వచ్చినప్పుడు చివరి ఇకారం నడిమి అచ్చును తనవైపు లాక్కున్నట్లే ఇక్కడా జరిగింది.

ఈ వివరణకు రెండు బలమైన ఆధారాలున్నాయి. మొదటిది క్రియాపదం. ఈ అర్పణను కన్నడంలో ‘బసవి బిడువుదు’ అంటారు, అంటే బసవిగా విడవడం. ‘బిడు’, ‘విడు’ ఒకే ధాతువు. దేవునికి ఎద్దును వదిలేటప్పుడు వాడే క్రియ కూడా ఇదే. రెండవది ముద్ర. దేవుని పేర వదిలే ఎద్దుకు కాల్చిన ముద్ర వేసి, ఇక దానిని ఎవరూ కట్టివేయరాదని, ఏ చేలో మేసినా కొట్టరాదని ఊరంతా ఒప్పుకుంటుంది. ‘అచ్చోసిన ఆంబోతు’ అన్న నానుడి అలా పుట్టిందే. బసివిగా విడిచే బాలికకు భుజాల మీద శంఖచక్ర ముద్రలు వేసే పద్ధతిని పాత రచనలు నమోదు చేశాయి.

దీనికి మరొక సామ్యాన్ని కూడా చేర్చవచ్చు. మరణించిన వాని సద్గతి కోసం ఎద్దును విడిచే ‘వృషోత్సర్గం’ శాస్త్రోక్త కర్మ. బసివిని విడవడం కూడా తండ్రి పరలోకానికి సంబంధించినదే, ఉత్తరక్రియలు జరిపే వారసుని కోసం చేసినదే. ఎద్దును వదలడంలోనూ కూతురిని వదలడంలోనూ గతించినవారి మేలు కోసం బ్రతికివున్న ఒక ప్రాణిని కట్టుబాటు నుండి తప్పించడం ఉంది.

3.2. బసవేశ్వరుని పేరు:

కళ్యాణంలో బిజ్జలుని కొలువులో ఉన్న 12వ శతాబ్దపు బసవేశ్వరుని పేరు నుండి, అంటే ‘బసవని భక్తురాలు’ అన్న అర్థంలో, ఈ మాట వచ్చిందనేది రెండవ వివరణ. ఈ సీమలో వీరశైవం బలంగా ఉండటం, బసప్ప, బసవరాజు, బసమ్మ వంటి పేర్లు ఇంటింటా వినబడటం దీనికి ఊతం. ఆచారానికి ఒక మహాపురుషుని నీడ దొరకడం వల్ల ఈ వివరణ అర్పించిన కుటుంబాలకు ఊరటనిచ్చి ఉంటుంది.

కానీ ఆధారాలు దీనికి ఎదురు నిలుస్తున్నాయి. బసివి భుజాల మీది శంఖచక్రాలు వైష్ణవ చిహ్నాలు. బసివులను శివునికే కాక హనుమంతునికి, గ్రామదేవతలకు కూడా విడిచేవారు. ఒక శైవ సంస్కర్త పేరు మీద పుట్టిన పదవి ఇన్ని దేవుళ్ళ గుళ్ళలో ఒకే పేరుతో ఉండటానికి కారణం చెప్పడం కష్టం. పైగా గుడి కర్మకాండను కాదని దేహాన్నే దేవాలయంగా భావించి, అక్కమహాదేవి వంటి స్త్రీలు గొంతెత్తడానికి తావిచ్చిన ఉద్యమం అది. ఆడపిల్లను విగ్రహానికి విడిచే ఆచారాన్ని దానికి అంటగట్టడం చరిత్రకు పొసగదు. వీరశైవ కుటుంబాలు తరువాతి కాలంలో ఈ మాటను ఆ అర్థంలో గ్రహించి ఉండవచ్చు. పదం పుట్టుక మాత్రం అక్కడ లేదు.

3.3. కొడుకైన కూతురు:

మూడవ వివరణ ధ్వనుల మార్పును గురించి కాక పదం సూచించే హోదాను గురించి మాట్లాడుతుంది. ఎద్దు మగతనానికి గుర్తు. మగవాని హక్కులు పొందిన స్త్రీ కనుక ఆమె ‘బసివి’ అయిందని దీని సారం.

ఇది మొదటి వివరణను తోసిపుచ్చదు, పూరిస్తుంది. అర్పించిన స్త్రీని జంతువుతో పోల్చదలచుకుంటే ‘ఆవు’ అనే మాట సిద్ధంగానే ఉంది. అది పవిత్రమూ, స్త్రీవాచకమూ కూడా. అయినా జనం ఆ మాటను తీసుకోలేదు. ఎద్దు అనే మాటకే స్త్రీ ప్రత్యయం తగిలించారు. లోకంలో ఆడ ఎద్దు ఉండదు. లేని జీవికి పేరు పెట్టవలసి వచ్చిందంటే, అంతవరకు భాషలో చోటు లేని ఒక హోదాను చెప్పవలసి వచ్చిందన్న మాట. పుట్టుకతో కూతురు, హక్కుల్లో కొడుకు. ‘బసివి’ అనే పదం నిర్మాణంలోనే ఆ వైరుధ్యం ఉంది.

ధర్మశాస్త్రాలకు ఈ అవసరం తెలియనిది కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో చెప్పిన ‘పుత్రిక’ కూడా కొడుకు లేని తండ్రి కూతురి ద్వారా వారసుని పొందే ఏర్పాటే. అయితే పుత్రికకు పెళ్ళి అవుతుంది, ఆమె కొడుకు మాతామహుని వారసుడవుతాడు. బసివి విషయంలో భర్త అనేవాడే లేడు. శాస్త్రం పెళ్ళిని ఉంచి సంతానాన్ని పుట్టింటికి చేర్చింది. ఈ సీమ ఆచారం పెళ్ళినే తీసివేసింది. ఆ తేడా వల్లనే ‘పుత్రిక’ గ్రంథాల్లో గౌరవపదంగా మిగిలిపోయింది, ‘బసివి’ వీధిలో తిట్టయింది.

4. గౌరవం నుండి తిట్టుకు:

4.1. పదంలోని రెండు భాగాలు:

పై పరిశీలన ప్రకారం బసివి అనే మాటలో రెండు అర్థాలు కలిసి ఉన్నాయి. ఒకటి ‘కొడుకు స్థానంలో ఉన్నది’, రెండవది ‘విడువబడినది’. మొదటిది హక్కును చెబుతుంది. రెండవది ఆమెకు భర్త అనే అండ లేదని, ఆమెను నిలదీసేవాడు గానీ ఆమె తరఫున నిలిచేవాడు గానీ లేడని చెబుతుంది.

తండ్రికి పొలమో ఇల్లో ఉన్నంతవరకు మొదటి అర్థానికి విలువ ఉంటుంది. ఈ ఆచారం ఎక్కువగా కొనసాగింది మాత్రం భూమి లేని, లేదా నామమాత్రంగా ఉన్న కుటుంబాల్లో. పంచుకోవడానికి ఏమీ లేని ఇంట కొడుకు హక్కు అన్నది వట్టి మాట. అప్పుడు పదంలో మిగిలేది ‘విడువబడినది’ అన్న సగమే. ఊరి పెత్తందార్లకు ఆ సగమే అవసరమైంది. తిట్టు పుట్టింది పదం నుండి కాదు, పదంలో సగం అరిగిపోయిన తరువాత మిగిలిన లోటు నుండి.

పసితనంలో తన ప్రమేయం లేకుండా విడువబడిన పిల్లకు ఆస్తిహక్కు దక్కిందని చెప్పి ఆచారాన్ని స్త్రీస్వేచ్ఛగా కీర్తించడం కూడా సరికాదు. కొడుకు హక్కుకు ఆమె చెల్లించిన వెల ఆమె దేహం. ఆ ఒప్పందంలో ఆమె సంతకం లేదు.

4.2. మగవానికి ఒక తిట్టు, ఆడదానికి ఒక తిట్టు:

ఒకే ఆచారం నుండి రెండు తిట్లు పుట్టాయి: మగవానికి ‘అచ్చోసిన ఆంబోతు’, ఆడదానికి ‘బసివి’. మొదటిది పనీపాటా లేకుండా తిరిగేవాని మీద విసురుతారు. పెద్దవాళ్ళు మనవణ్ణి మందలించడానికీ వాడతారు, విన్నవాడు నవ్వి ఊరుకుంటాడు. రెండవది విన్న స్త్రీ నవ్వలేదు. మొదటిది నడవడిని తప్పుపడుతుంది, రెండవది పుట్టుకను, పిల్లల పుట్టుకను కూడా తాకుతుంది.

ఇంకొక విశేషం: ఈ సీమలో బసివిరెడ్డి అన్న పురుషనామం ఉంది, దానిలో అగౌరవం ఎవరికీ వినబడదు. బసమ్మ అని ఆడపిల్లకు పేరు పెడతారు, అందులోనూ తప్పు లేదు. ‘అమ్మ’ చేరితే మంచిపేరు, ‘రెడ్డి’ చేరితే పెద్దపేరు, ఏమీ చేరకుండా స్త్రీని అంటే తిట్టు. ధ్వనిలో దోషం లేదని దీనివల్ల తేలుతుంది. ఆ మాటను ఎవరి మీద, ఏ హోదా నుండి విసురుతున్నారన్నదే అర్థాన్ని నిర్ణయిస్తోంది.

4.3. ఇరుగుపొరుగు పదాలు:

‘బసివి’ కథ ఒంటరిది కాదు. ‘సాని’ శబ్దం సంస్కృత ‘స్వామిని’ నుండి వచ్చింది, యజమానురాలు అని అర్థం. దొరసాని, రెడ్డిసాని అన్న మాటల్లో ఆ గౌరవం నేటికీ ఉంది. ప్రసవం చేసే స్త్రీ మంత్రసాని. ద్రాక్షారామ శాసనాల్లో గుడిని సేవించే స్త్రీల బృందానికి ‘సాని మున్నూరు’ అని పేరు. గుడికి దానాలు చేసిన, గుడి ఆదాయంలో భాగం పొందిన ఆ స్త్రీలకు ‘సాని’ ఒక బిరుదు. అదే మాట ‘సానికొంప’ అన్న చోట నిందగా మిగిలింది. కన్నడంలో ‘సూళె’ శబ్దానికీ ఇదే గతి పట్టింది: శాసనాల్లో గుడి సేవకురాలికి వాడిన మాట నేడు నోట పలకరాని తిట్టు.

లేపాక్షి నాట్యమంటప స్తంభాల మీద నర్తకి చుట్టూ దేవతలే వాద్యకారులై నిలిచారు. శిల్పంలో ఆమెకు దక్కిన ఆ స్థానం భాషలో ఆమె వారసులకు దక్కలేదు.

ప్రపంచ భాషల్లోనూ ఈ పోకడ కనిపిస్తుంది. స్పానిష్ భాషలో వేశ్యను సూచిస్తూ తిట్టుగా వాడే ‘పూతా’ అనే పదం పుట్టుకపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. దుర్గంధాన్ని సూచించే లాటిన్ పదం నుండి వచ్చిందని కొందరంటే, ‘బాలిక’ అనే అర్థం గల వాడుక లాటిన్ పదం నుండి వచ్చిందని మరికొందరు అంటారు. మొదటి వాదం ప్రకారం తిట్టు పుట్టుకలోనే ఉంది. రెండవ వాదం ప్రకారం అది ఒక మామూలు మాట, సమాజం దానిని చెడగొట్టింది. తిట్టుపదాల వ్యుత్పత్తి చర్చలు ఎక్కడైనా ఈ రెండు కొసల మధ్యనే నడుస్తాయి: దోషం మాటదా, మాట్లాడేవారిదా?

5. చట్టంలో బసివి:

వలసపాలన కాలంలో, 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మైనరు బాలికలను వ్యభిచారం కోసం అప్పగించడాన్ని నేరంగా పరిగణించే 372, 373 సెక్షన్లు అర్పణలకు కూడా వర్తించవచ్చునన్న చర్చ సాగింది. 1890ల నుండి మద్రాసు రాష్ట్రంలో సంస్కర్తలు సాగించిన ఉద్యమం ఆచారాన్ని నిర్మూలించే దిశగా గొప్ప అడుగు. అయితే గుడిసాని, భోగం, బసివి వంటి వేర్వేరు హోదాలు క్రమంగా ‘దేవదాసి’ అన్న ఒకే మాట కిందికి వచ్చాయి. అంతటితో బసివికి ప్రత్యేకమైన వారసత్వపు అంశం చర్చలోంచి జారిపోయింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ (అర్పణ నివారణ) చట్టం అర్పణను నిషేధించింది.

1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ అర్పణ నిషేధ చట్టం చేసింది. ఏ పేరుతో పిలిచినా అర్పితురాలైన స్త్రీ దేవదాసియేనని నిర్వచిస్తూ బసివి, జోగిని, పార్వతి, మాతమ్మ, త్యామ్మ అన్న స్థానిక నామాలను ఆ చట్టం చేర్చుకుంది. వీధిలో తిట్టుగా ఉన్న మాట శాసనపత్రంలో రక్షణ పొందవలసిన వ్యక్తికి పేరుగా నిలవడం ఇక్కడ గమనించదగినది. నిషేధించడానికైనా పేరు పెట్టి పిలవక తప్పలేదు.

అయితే ఈ పదం చరిత్రలో అంతకంటే ముఖ్యమైన చట్టం మరొకటి ఉంది. అందులో బసివి అన్న మాటే లేదు. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేలా, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానమైన జన్మహక్కు కల్పించింది. 2005లో కేంద్ర సవరణ దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కును విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండు చట్టాలూ వచ్చినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్.టి. రామారావు, లేపాక్షికి పొరుగున ఉన్న హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికైనవారు కావడం ఒక చారిత్రక యాదృచ్ఛికం.

ఆడపిల్ల కొడుకు హక్కు పొందాలంటే దేవునికి విడువబడాలి, పెళ్ళి వదులుకోవాలి, ముద్ర వేయించుకోవాలి అన్నది పాత ఆచారం. ఏదీ వదులుకోకుండానే ఆమె కూతురిగా ఉంటూ ఆ హక్కు పొందవచ్చునన్నది 1986 నాటి సవరణ. 1988 నాటి చట్టం ఆచారాన్ని శిక్షార్హం చేసింది. 1986 నాటి సవరణ ఆ ఆచారానికి చెప్పుకునే కారణాన్నే తొలగించింది.

6. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘బసివి’ శబ్దం వృషభ - వసహ - బసవ క్రమంలో ఏర్పడిన మాటకు స్త్రీవాచక రూపం. ‘బిడు/విడు’ క్రియ, ముద్రలు వేసే పద్ధతి దేవునికి విడిచిన ఎద్దుతో దీని సంబంధాన్ని బలపరుస్తున్నాయి.

2. బసవేశ్వరుని పేరుతో ముడిపెట్టే వివరణకు ఆచారంలోని వైష్ణవ చిహ్నాలు, దేవతల వైవిధ్యం అడ్డు నిలుస్తున్నాయి.

3. ‘ఆవు’ను కాక ‘ఎద్దు’ను స్త్రీవాచకం చేయడం, కూతురిని కొడుకు స్థానంలో నిలిపిన హోదాకు భాషాపరమైన సాక్ష్యం.

4. హక్కును సూచించే సగం పేదరికంలో విలువ కోల్పోగా, ‘విడువబడినది’ అన్న సగం తిట్టుగా మిగిలింది.

5. కూతురికి జన్మతః ఆస్తిహక్కు వచ్చిన తరువాత ఈ మాట సూచించిన హోదాకు అవసరం తీరిపోయింది. తిట్టు మాత్రం ఇంకా నోళ్ళలో ఉంది.

తండ్రి కోసం విడిచారు, ఊరు వాడుకుంది, నింద మాత్రం విడువబడిన ఆమెకు దక్కింది. ఆమెను విడిచినవారికి గానీ వాడుకున్నవారికి గానీ భాషలో అలాంటి తిట్టు ఏదీ పుట్టలేదు. లేపాక్షిలో బసవన్న ముందు చేతులు జోడించేవారు, అదే మాటకు మరో రూపాన్ని ఒక స్త్రీ మీద విసిరే ముందు, అందులో ఒక కూతురు తన ఇంటి కోసం మోసిన బరువు ఉందని గుర్తిస్తే, ఈ పదం చరిత్ర తెలుసుకున్నందుకు ప్రయోజనం ఉంటుంది.